రాళ్ల మీద మొదటి నీళ్లు

మామయ్యగారూ,

ఆవిరిగదికి వేసిన తాళం తీయండి. శనివారం వస్తున్నాం.

ఆవిరి కోసం నీళ్లు పోసే అక్కడి పొయ్యి రాళ్లు తగిలి మీ మనవరాలు ఐలి చెయ్యి కాలి ఐదు నెలలైంది. పుండు మానినా, పెనం మీద నీళ్లు చుయ్యిమంటే చాలు, బల్లకింద దూరేది. మేం ఆ మాటే ఎత్తేవాళ్లం కాదు.

"దాచకండి, జరిగింది పాపని చెప్పనివ్వండి," అంది తాంపెరె ఊళ్లోని పిల్లల డాక్టరమ్మ. అప్పట్నుంచి రోజూ చెప్పనిచ్చాం. నిన్న వేడి పెనం మీద తనే గరిటెడు నీళ్లు పోసి, చప్పుడు ఆగేదాకా కదలకుండా నిలబడింది. బయటికొచ్చి ఏడ్చింది నేనే.

మీరూ ఆనాటి నుంచి ఆవిరిస్నానం మానేశారని అత్తయ్యగారు రాశారు. ఐలికి చెప్పాను.

"తాతయ్యకి భయమేస్తే కింది మెట్టు మీద నా పక్కన కూర్చోమను. రాళ్ల మీద మొదటి నీళ్లు నేను పోస్తా," అంది.

పొయ్యి మాత్రం మీరే వెలిగించాలట.

మీ కోడలు