తాండ్ర పొట్లం మీద లేని పేరు

చిట్టితల్లీ,

రెండు రోజుల్లో బారసాల ఉందనగా నువ్వు మాకు దక్కకుండా పోయి ఇవాళ్టికి ఏడాది.

ఈ వేసవిలో ఇంట్లోనే మామిడి తాండ్ర పోశాం. తిరువూరు బస్టాండులో కొట్టువాళ్ళు అమ్మిపెడతామన్నారు. "పొట్లం మీద ఏం పేరు వెయ్యాలండీ?" అని కవర్లు అచ్చు వేసే ఆయన నిన్న ఫోన్ చేశాడు.

"నా పేరు పెట్టరా. సుబ్బులు తాండ్రంటే పుల్లగా ఉన్నా నోరెత్తేవాడుండడు," అంది మీ నానమ్మ. అందరం నవ్వాం.

ఆ నవ్వు ఆగాక మీ నాన్న నా వైపు చూసి, "పాపకి అనుకున్న పేరు పెడదామా?" అని మెల్లగా అడిగారు.

ఆయన మాటకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. కానీ బస్టాండులో జనం పొట్లాలు పళ్ళతో చింపి, తిని, కింద పడేయడం చూశాను. వాటి మీదుగా బస్సులు పోతుంటాయి.

"వద్దండి," అన్నాను. ఆయన ఫోన్ తీసి మీ నానమ్మ పేరే ఖాయం చేశారు.

ఇవాళ పొద్దున వంటింట్లో పళ్ళెంలో బియ్యం పోసి, బారసాల నాడు మీ నాన్న రాయాల్సిన నీ పేరు నా ఉంగరంతో నేనే రాశాను. ఎవరికీ వినపడకుండా మూడుసార్లు పిలిచాను.

"ఎసరు మరిగిపోతోంది, బియ్యం ఇంకా కడగలేదా అమ్మాయ్?" అని మీ నానమ్మ కేకేసింది.

ఆ బియ్యం కదపడానికి నాకు చేతులు రాలేదు. పళ్ళెం మీద మూత పెట్టి, డబ్బాలోంచి వేరే బియ్యం తీసి కడిగాను.

మీ అమ్మ