ఏటేటా నీ పాత ఫోను

అన్నయ్యా,

నువ్వు పోయాక ఇది రెండో దసరా. నీ దగ్గర్నుంచి వచ్చిన చివరి ఫోనుకి ఛార్జింగు మధ్యాహ్నం దాకా కూడా నిలవడం లేదు. అందుకని ఇవాళ బొబ్బిలిలో నువ్వెప్పుడూ కొనే కొట్టుకే వెళ్ళాను.

"ఏటా కొత్త ఫోనెందుకు, డబ్బులేటి సెట్లకి కాస్తన్నాయా?" అని నీ మీద ఎన్నిసార్లు ఎగిరానో! అలా తిడుతూనే నీ పాతది జేబులో వేసుకునేవాణ్ణి.

కొట్టాయన ఎక్స్ఛేంజి కోసం ఫోను తీసుకుని, అందులో ఉన్నదంతా చెరిపేసే చోట వేలు పెట్టబోతూ అడిగాడు.

"మీ అన్నియ్య రెండేళ్ళయి కనబడ్డం నేదేటి? ఏటా ఫోను మార్చేవోరు గానీ, ఆయనకి ఫోన్ల పిచ్చేటీ నేదు బాబూ. 'కొత్తది కొనిస్తే మా తమ్ముడు మొకానే ఇసిరికొడతాడు. నాను వాడిందైతేనే తీసుకుంటాడు' అనేవోరు."

నేను గభాలున ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"సెరపకండి!"

కొట్టులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నా గొంతు అంత గట్టిగా లేచిందని నాకు తెలియలేదు.

ఎక్స్ఛేంజి వద్దని, పూర్తి ధర ఇచ్చి కొత్తది కొన్నాను. అది నా జేబులో ఉంది.

ఈసారి పాతది నీకు.