ఇద్దరికి, కిటికీ ఉన్నది

జూన్ 4, బుధవారం

టికెట్ల ప్రకాశం ఓడ ప్రయాణానికి గదుల జాబితా పంపాడు. నేను పనిచేసే పిల్లల బడి వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి, ఫోన్ తెరిచి చూశాను. ఓడలో మనవాళ్ళందరికీ నలుగురేసి ఉండే గదులు. సుభద్ర వదిన, వాళ్ళ అత్తగారు, ఎవరో కాకినాడ ఆవిడ — వీళ్ళ పక్కన నా పేరు. ఈయన పేరు వేరే అంతస్తులో, ముగ్గురు మగాళ్ళతో.

మళ్ళీ చూశాను. అదే.

బుక్ చేసిన రోజే చెప్పాను — ఇద్దరికి, కిటికీ ఉన్నది. "అలాగేనక్కా" అన్నాడు. రాసుకున్నట్టు తల కూడా ఊపాడు.

సాయంత్రం ఈయనకు చూపించాను. షిప్‌యార్డు బూట్లు విప్పుకుంటూ చూశారు. "నాలుగు రోజులే కదా."

కదా.


జూన్ 6, శుక్రవారం

ప్రకాశానికి ఫోన్ చేశాను.

"అక్కా, పెళ్ళి విడిదిలో ఎలా సర్దుతాం చెప్పండి? ఆడాళ్ళొక పక్క, మగాళ్ళొక పక్క. అలాగే సర్దేశానండి. మీరు మీ కబుర్లు, మేం మా పేకాట. ఏ గొడవా ఉండదు."

"ఇది పెళ్ళి కాదు కదా ప్రకాశం."

"మరే! మీ పెళ్ళయి ఎన్నాళ్ళయిందనీ? ఈ వయసులో విడిగా గదేంటక్కా!"

దుకాణంలో ఎవరో నవ్వారు. ఒకరు కాదు. ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే పెడతాడు, చేతులు ఖాళీ ఉండవట.

పెట్టేశాను.

ఏ వయసులో అడగాలో మాత్రం చెప్పలేదు.


జూన్ 7, శనివారం

వండాను. బట్టలు ఆరేశాను. ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ గమనించలేదు.


జూన్ 8, ఆదివారం

బెడోక్ నుంచి స్వాతి వచ్చింది. చెప్పాను — కిటికీ లేని గది ఇచ్చాడని. అంతవరకే చెప్పాను. కూతురితో మిగతాది ఏం చెబుతాం.

"అమ్మా, చేంజ్ ది ఏజెంట్ లా. వై సో పైసే?" పైసే అంటే ఇక్కడి మాటలో మొహమాటం. అది దేనికని దాని బాధ. నేను తెలుగులో అంటాను, అది ఇంగ్లీషులో అంటుంది. ఎప్పుడూ ఇంతే.

"మీ తాతయ్య పోయినప్పుడు పండగ రద్దీలో మీ నాన్నకి సీటు ఇప్పించింది ప్రకాశమేనే."

"సో? దట్ వజ్ ప్లేన్. దిసీజ్ షిప్."

ఈయన పేపరు వెనకాల. పేజీ మాత్రం తిప్పడం లేదు.


జూన్ 9, సోమవారం

పని అయ్యాక జురాంగ్ మాల్‌కి వెళ్ళాను. కింది అంతస్తులో ట్రావెల్ కౌంటరు. తమిళమ్మాయి, మలర్. బల్ల ముందు కుర్చీలో కూర్చుని, మా ఓడ పేరు చెప్పి గది కావాలన్నాను.

"టూ ఆఫ్ యూ ఓన్లీ, ఆంటీ?"

అవునన్నాను.

"కెన్." కుదురుతుందట.

అంతే. ఎందుకని అడగలేదు. నవ్వలేదు. కంప్యూటర్ వైపు తిరిగి వెతికింది. ఆ ఓడలో ఇద్దరికి, కిటికీ ఉన్నది ఇంకొక్కటే మిగిలిందట. వచ్చే ఆదివారం సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానంది.

ఒకటే చిక్కు. బుకింగ్ ఎవరు చేస్తే వాళ్ళ చేతిలోనే ఉంటుందట. ప్రకాశం "వీళ్ళను వదిలేస్తున్నాను" అని ఓడ కంపెనీకి మెయిల్ పెడితే తప్ప ఈ అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు. రద్దు చేసుకుంటే కట్టింది పోతుంది.

నన్ను వదిలేస్తున్నట్టు ప్రకాశం రాయాలి. నేను అతని దగ్గర ఎప్పుడు చిక్కుకున్నానో నాకే తెలీదు.


జూన్ 11, బుధవారం

లిటిల్ ఇండియా. ప్రకాశం దుకాణం. టికెట్లు, సిమ్ కార్డులు, ఊరికి డబ్బు పంపించుకునేవాళ్ళ వరస. సగం మంది మన గోదావరి వాళ్ళే.

కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. చెప్పాను. మొహం మారిపోయింది.

"నన్ను కాదని బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళారా అక్కా?"

"గది ఇస్తే వెళ్ళేదాన్ని కాదు."

"మీ మావగారు పోయినప్పుడు బావగారికి టికెట్ ఎవరిప్పించారు?"

"నువ్వే."

"మరి?"

"దానికి ఇప్పుడు కూడా దణ్ణం పెడతాను. దానికీ ఈ గదికీ సంబంధం ఏంటి?"

వరసలో నిలబడ్డవాళ్ళు నా వైపు తిరిగారు. తిరగనీ అనుకున్నాను. టీ చల్లారకుండానే తాగేశాను. వదిలిపెట్టి వస్తే అలిగి వెళ్ళిందంటారు.

లేస్తుంటే అన్నాడు: "ఒక పని చెయ్యండక్కా. బావగారిని రమ్మనండి. విడిగా గది కావాలని ఆయన నోటితో ఆయన్ని చెప్పమనండి. ఆ నిమిషంలోనే రాసిచ్చేస్తానండి."

ఈయన నోటితో. ప్రకాశానికి ఈయన సంగతి తెలుసు. అందుకే అన్నాడు.


జూన్ 12, గురువారం

ఈయనకు చెప్పాను. అన్నం కలుపుతూ ఆగారు.

"నలుగురి ముందూ అదేం మాట."

"ఏ మాట?"

మజ్జిగ పోసుకున్నారు.

రాసుకుంటాను. ఎవరు చదువుతారు.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పెద్ద కుటుంబం. ఆడవాళ్ళం మధ్యింట్లో, మగవాళ్ళు అరుగు మీద. మాది అంటూ ఒక గది లేదు. ఇక్కడికి వచ్చాక ఒక గది అద్దెకిచ్చాం, ఒకటి స్వాతికి. స్వాతి వెళ్ళాక ఈయన తమ్ముడి కొడుకు చదువుకోడానికి వచ్చాడు, ఆ గది వాడిది. మేం హాల్లో. ఈయన సోఫా మీద, నేను కింద పరుపేసుకుని. బాత్రూముకు వెళ్ళే ప్రతివాళ్ళూ నా కాళ్ళ దగ్గర నుంచే వెళ్ళాలి. ఏదైనా మాట్లాడుకుంటే గొంతు తగ్గించే. అదీ కూరలు, గ్యాసు, ఎవరు ఎన్నింటికి వస్తారు.

తలుపు వేసుకుని కూర్చుంటే మేమిద్దరం ఏం మాట్లాడుకుంటామో నాకు తెలీదు. ఏమీ మాట్లాడుకోమేమో. అదైనా తెలియాలి.


జూన్ 13, శుక్రవారం

సుభద్ర వదిన ఫోన్. ప్రకాశం అప్పుడే అందరికీ చెప్పినట్టున్నాడు.

"ఏంటమ్మా, హనీమూనటగా!"

"అవును వదినా. కాస్త ఆలస్యమైంది."

అవతల "ఆఁ?" అంది. నా నోటి నుంచి వచ్చిందా అని నాకూ అనుమానమే.

తర్వాత అసలు సంగతి వచ్చింది. "అది కాదే, నువ్వు మా గదిలో ఉంటావని ధైర్యంగా ఉన్నాను. మా అత్తగారిని లేపడం, మందులెయ్యడం... ఆవిడకి నీ చెయ్యి అలవాటు."

పోయినసారి ఆవిడకి ఒంట్లో బాగోనప్పుడు వెళ్ళి చేసి వచ్చాను. అలవాటు అయిపోయిందన్నమాట.

"మీరే వెయ్యండి వదినా. మీ అత్తగారే కదా."

"మారిపోయావే నువ్వు."

మారలేదు. ఇంతకు ముందు ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.


జూన్ 14, శనివారం

మలర్ మెసేజ్. రేపు సాయంత్రం వరకే ఆంటీ, సారీ.

ఈయనకు చూపించలేదు. టీవీ పక్కన, ఈయన కళ్ళజోడు పెట్టుకునే చోట ఫోన్ తెరిచి పెట్టాను. కళ్ళజోడు తీసుకున్నారు. చదివారు. ఫోన్ తిరగేసి పెట్టారు.

సరే. రేపు నేనొక్కదాన్నే వెళ్ళి రద్దు చేసుకుంటాను. కట్టింది పోతే పోనీ. ముసలావిడ మందుల కోసం సముద్రం మీదికి వెళ్ళను.


జూన్ 15, ఆదివారం

చీర మార్చుకుని చెప్పులు వేసుకుంటున్నాను. ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. "పద."

రైల్లో స్టేషన్ల పేర్లు చదువుతూ నిలబడ్డారు. నేను కదిలించలేదు.

ఆదివారం కదా, దుకాణం నిండా జనం. షిప్‌యార్డు కుర్రాళ్ళు ఈయన్ని చూసి పక్కకు జరిగారు. ఈయన కింద పనిచేసేవాళ్ళూ ఉన్నారు అందులో.

"రండి బావగారూ! ఏంటి, మాతో పేకాటకి రారంటగా?"

"రాను."

"అక్కయ్య మాటేనా, మీ మాట కూడానా?"

నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. ప్రకాశం నవ్వుతూ చూస్తున్నాడు. నేను పక్కనే ఉన్నాను, అందివ్వడానికి మాట నా నాలుక చివరే ఉంది. ఇవ్వలేదు. పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

"నాకు గురక," అన్నారు. "పెద్ద గురక. పక్కవాళ్ళు నిద్రపోలేరు. ఆవిడకైతే అలవాటు."

అందరూ ఒక్కసారి నవ్వారు. ప్రకాశం కూడా. "అదా సంగతి! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ బావగారూ!" అక్కడే కూర్చుని మెయిల్ కొట్టాడు. పంపించి చూపించాడు. నా వైపు చూడలేదు. చూడకపోతే పోయె.

దుకాణం బయటి నుంచే మలర్‌కి ఫోన్ చేశాను. గట్టిగానే మాట్లాడాను.

ఈయనకు గురక లేదు. పక్కన పడుకోకపోయినా ఒకే హాలు, నాకు తెలీదా. అల్లరి పడకుండా బయటపడ్డారు, నన్నూ బయటపడేశారు. మెచ్చుకోవాలో తిట్టాలో తెలియక ఇంటిదాకా కిటికీ వైపు చూస్తూ వచ్చాను.

గది దొరికింది. మాట దొరకలేదు.


జూన్ 16, సోమవారం

మలర్ ఫోన్ చేసింది. బుకింగ్ మా ఇద్దరి పేర్ల మీద ఆమె చేతికి వచ్చింది. ఆరో అంతస్తు. కిటికీ గుండ్రంగా ఉంటుందట.

సుభద్ర వదిన ఫోన్లో ప్రయాణం గ్రూపులో దణ్ణం గుర్తు ఒక్కటి పెట్టింది. ఎవరికో, ఎందుకో. నేను జవాబివ్వలేదు.


జూన్ 17, మంగళవారం

మళ్ళీ మలర్. ఓడ వాళ్ళు అడుగుతున్నారట — గదిలో రెండు మంచాలుంటాయి. కలిపి వేయమంటారా, విడివిడిగా ఉంచమంటారా. శుక్రవారం సాయంత్రం లోపు చెప్పాలి.

"జాయిన్ ఆర్ సెపరేట్, ఆంటీ?"

వాళ్ళకిది రోజూ అడిగే మాటే. దిండ్లు ఎన్ని కావాలన్నంత తేలిగ్గా అడిగింది.

"అంకుల్ చెబుతారమ్మా."

"ఓకే ఆంటీ. కెన్."

ఈయన రాగానే చెప్పాను. కారిడార్లో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తున్నారు. పోస్తూనే ఉన్నారు. నీళ్ళు బయటికి వచ్చి పక్కింటి గుమ్మం దాకా పోయాయి.

"నీ ఇష్టం."

"నా ఇష్టం పదిమందిలో చెప్పాను. అయిపోయింది."

గుడ్డ తెచ్చి పక్కింటి గుమ్మం తుడిచారు. నేను తుడవలేదు.


జూన్ 19, గురువారం

ఏమీ లేదు. నేను అడగను.

ఓడ దాకా తీసుకొచ్చింది నేను. ప్రకాశాన్ని ఎదిరించింది నేను. వదిన చేత మాట పడింది నేను. ఈ ఒక్కటీ చెప్పను. చెప్పకపోతే విడివిడిగానే ఉంచుతారట. ఉంచనీ.


జూన్ 20, శుక్రవారం

త్వరగా వచ్చారు. బూట్లు విప్పలేదు. తమ్ముడి కొడుకు గదిలో చదువుకుంటున్నాడు, అద్దెకున్నవాళ్ళు పొయ్యి దగ్గర చేప వేయిస్తున్నారు. నేను సింకు దగ్గర బియ్యం కడుగుతున్నాను.

"ఆ అమ్మాయి పేరేంటన్నావ్?"

"మలర్."

నా ఫోన్ తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని నంబరు వెతికారు. వంటింటి వైపు చూశారు, గది వైపు చూశారు. కారిడార్లోకి వెళ్ళి వెనక తలుపు దగ్గరికి లాగేశారు.

కుళాయి కట్టేశాను.

చేప చిటచిట. లిఫ్టు తెరుచుకుంది, మూసుకుంది. ఈయన గొంతు — ఒక్క మాట, రెండు మాటలు. ఇంగ్లీషు. ఏ మాటో అందలేదు.

లోపలికి వచ్చారు. ఫోన్ ఇచ్చారు. చెవులు ఎర్రగా ఉన్నాయి, ఎండకో ఏమో.

"బియ్యం కడగడం అవలేదా ఇంకా?"

"అవుతోంది."