సగం మొలిచిన లైనక్స్

5 ఆగస్టు 2002, సోమవారం. కడియం, నర్సరీ ఆఫీసు.

నిర్ణయాలు రెండు. ఒకటి: ఇక ఈ కంప్యూటర్లో విండోస్ ఉండదు. రెండు: ఆకాశం విరిగి మీద పడ్డా రాజేంద్రను పిలవను.

రాజేంద్ర అంటే మా ఆవిడ శ్రీదుర్గకి మేనబావ. రాజమండ్రిలో కంప్యూటర్ల షాపు. ఆ సంబంధం తప్పిపోయాకే నాకు ఈ ఇల్లరికం దక్కింది. మొక్కల్లో నాకు గన్నేరుకీ గులాబీకీ తేడా తెలీదు. ఇంత నర్సరీలో నా మాట వినేది ఈ పెట్టె ఒక్కటే. మామగారు భీమరాజు గారు కూడా అన్నారు: "ఆ గది మీదండి అల్లుడు గారూ. అందులో మేం వేలెట్టం."

విండోస్‌నీ, పాత లైనక్స్‌నీ చెరిపేసి కొత్త లైనక్స్ ఎక్కిస్తున్నా. వైరస్‌ల బెడద ఉండదు. భోజనాల వేళకి అయిపోతుంది!

సాయంత్రం: ఎక్కింది! రీస్టార్ట్ చేశా. లైనక్స్ లేచే ముందు తెర మీద LILO అని నాలుగక్షరాలు రావాలి. LI అని రెండొచ్చి ఆగిపోయింది. కరెంటు తేడా అయ్యుంటుంది.

6, మంగళవారం.

మళ్ళీ ఎక్కించా. LI.

మళ్ళీ. LI.

మామగారు తొంగిచూశారు. "సగమే మొలిచిందాండి?"

నవ్వకుండా అన్నారు. ఈయన నవ్వకుండా అంటేనే భయం. సీడీ మీద గీత పడిందండి అన్నాను. పడలేదు.

7, బుధవారం.

లేవనని మొండికేసిన కంప్యూటర్ని లేపే బూట్ ఫ్లాపీ దొరికింది. హమ్మయ్య! పెట్టి చూశా. బూజు పట్టింది. ఈ ఊరి తేమకి కర్ర పాతినా చిగురిస్తుంది, ఫ్లాపీ మాత్రం బతకదు.

అసలు తప్పు నాది కాదు. ఇంత పెద్ద హార్డ్ డిస్క్ పాత బోర్డుకి ఆనదట. పుస్తకంలో ఉంది.

8, గురువారం.

LI. అన్నం సయించలేదు.

"పోనీ మా బావకి ఫోన్ చెయ్యమంటారా?" అంది శ్రీదుర్గ.

"నేను పోయాక చెయ్."

"అప్పుడు కంప్యూటర్ ఎవరిక్కావాలండీ?"

మామగారు వచ్చి పెట్టె మీద చెయ్యేసి చూశారు. "కాలిపోతందండి. అంటు కట్టాక పూటపూటా ఇప్పి చూత్తే బతుకుద్దేంటి? రెండ్రోజులు నీడలో ఉంచండి."

కాదనడానికి నా దగ్గర ఇంతకంటే మంచి ఉపాయం లేదు. పెట్టెని తీసుకెళ్ళి పచ్చ నెట్ పందిరి కింద, మామిడి అంట్ల మధ్య పెట్టాం. నేనూ ఓ చెయ్యి వేశాను. చదివిన డిగ్రీ సిగ్గుపడింది.

9, శుక్రవారం.

పొద్దున్నే, మొక్కలకి నీళ్ళు పెట్టే లోవమ్మ గొట్టం పట్టుకుని పందిరి కింద ఉన్నవన్నీ తడిపింది. రోజూ చేసే పనే. అన్నీ తడిపింది!

"అదొక్కటీ ఎండిపోయినట్టుంటే రెండుసార్లు పోశానండి, ఆయ్."

మామగారే ఫోన్ చేశారు. రాజేంద్ర వచ్చాడు. పెట్టె వంచితే నీళ్ళు కారాయి. వెనకే ఓ చిన్న కప్ప దూకింది.

"లోపలేం పెంచుతున్నారండీ మురళీకృష్ణ గారూ?" అని ఒకటే నవ్వు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ముందునుంచీ అది నడవనే లేదని చెప్పేద్దామని నోరు తెరిచా. మామగారు అడ్డొచ్చారు.

"నవ్వుతావేంట్రా? మా అల్లుడు గారు బెమ్మాండంగా ఎక్కించారు. నిన్నటిదాకా పరిగెట్టింది. నీళ్ళోసింది మేం. పాడైనయ్యి మార్చేసి ఎళ్ళు. ఎక్కించడం ఆయన చూసుకుంటారు."

ఆ LI ని ఆయన కళ్ళారా చూశారు. అయినా నా పరువు కాపాడారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. బురదగా ఉన్నాయని ఆగాను.

11, ఆదివారం.

కొత్త బోర్డు. కొత్త సీడీ. నిర్ణయాలు రెండు. ఒకటి: విండోస్ మాట ఎత్తను. రెండు: ఈ జన్మలో రాజేంద్రను పిలవను. మామగారి మాట నిలబెట్టాలి. భోజనాల వేళకి అయిపోతుంది!

మధ్యాహ్నం: ఎక్కింది. మామగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రీస్టార్ట్.

LI.

ఆయన తెర వంక చూశారు. నా వంక చూశారు. లేచి గుమ్మంలోకెళ్ళి కేకేశారు:

"లోవమ్మా! గొట్టం ఇలా పట్రా!"