పంటిబిగువు

ఒక్కగానొక్క అక్కకి,

ఇది ఫోన్లో అడగాల్సిన సంగతే. కానీ ఫోన్లో అయితే నువ్వు "బానే ఉన్నాంరా, కుక్కర్ కూత వేస్తోంది, ఉంటా" అని పెట్టేస్తావు. ఉత్తరానికి కుక్కర్ అడ్డం రాదు. అందుకని గంభీరంగా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ గంభీరంగా కూర్చునే చదువు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలిసిందే. డాక్టర్లు మనుషుల నోళ్ళలోంచి అచ్చులు తీసి మా ల్యాబ్‌కి పంపుతారు. మేం వాటిలో ప్లాస్టర్ పోసి, ఆ తెల్లటి పళ్ళ కొలతకి కట్టుడుపళ్ళూ తొడుగులూ తయారుచేస్తాం. మనుషుల్ని చూడం, దవడల్నే చూస్తాం. ఈమధ్య నాకు నైట్ గార్డుల విభాగం అప్పగించారు. విభాగమంటే ఒక బల్ల, ఒక స్టూలు, నేను. నైట్ గార్డంటే నిద్రలో పళ్ళు నూరేవాళ్ళు రాత్రిపూట పెట్టుకునే తొడుగన్నమాట. ప్లాస్టిక్ రేకుని వేడిచేసి అచ్చు మీదికి దించి, కత్తిరించి, నున్నగా చేస్తాను. దానివల్ల నూరడం ఆగుతుందనుకునేవు. ఆగదు. పన్నుకి బదులు ప్లాస్టిక్ అరుగుతుంది, అంతే.

మొన్న ఒక అచ్చు వచ్చింది. ప్లాస్టర్ ఆరాక చేతిలోకి తీసుకుంటే, ఎడమవైపు కోరపన్ను పక్కపన్ను భుజమ్మీద చెయ్యేసి ఫొటోకి నిలబడ్డట్టుంది. ఈ పోజు ఎక్కడో చూశానే అనుకుని చీటీ చూశాను. నీ పేరు!

ముందు నవ్వొచ్చింది. తర్వాత లోపలి పళ్ళు చూశాను. అక్కా, దవడపళ్ళ మీద గుట్టలూ లోయలూ ఉండాలి. నీకు మైదానం ఉంది. ఎవరో పనిగట్టుకుని బండకేసి అరగదీసినట్టుంది. ఒక పన్ను అంచున చీలిక కూడా కనిపించింది. ఎవరి మీద నూరుతున్నావు ఇంతలా? మనింట్లో నోట్లో నాలుక లేనిదానివి నువ్వే కదా! బావగారేమైనా అంటున్నారా? అత్తగారా? చెప్పు, వచ్చి మాట్లాడతాను. నా పర్సనాలిటీకి ఎవరూ భయపడరనుకో, కనీసం జాలిపడతారు. పోయిన నెల వచ్చి మా మధ్యే తిరిగావు. ఇక్కడి డాక్టర్‌కి నోరు చూపించావు, నాకు మాత్రం విప్పలేదు. అదే మింగుడుపడటం లేదు.

అమ్మకి ఏమీ చెప్పలేదు. అమ్మ బావుంది. నాన్న పోయాక కుంగిపోతుందేమోనని భయపడ్డాం కదా, అలా కాకుండా చూసే బాధ్యత నేను స్వీకరించాను. రోజూ భోజనాల దగ్గర నా ప్రదర్శన ఉంటుంది. మా ఓనరు నడక, డాక్టరుగారి దగ్గు, అన్నీ చేసి చూపిస్తాను. పొలమారేదాకా నవ్వుతుంది. ఆవిడ బెంగ నాకొదిలెయ్. నీ సంగతి రాయి.

నీ తొడుగు శ్రద్ధగా చేస్తున్నాను. అంతకు మించి ఏం చెయ్యాలో తోచని,
దవడల శాఖామాత్యుడు,
నీ తమ్ముడు


ఒరేయ్ తింగరోడా,

నీ ఉత్తరం మీ బావగారు ముందు చదివారు. అప్పట్నుంచి నన్ను "మీరు" అంటున్నారు. కాఫీ కూడా ఆయనే కలుపుతున్నారు. మా అత్తగారైతే "నేనేమన్నానే తల్లీ" అని వెనకాలే తిరుగుతున్నారు. అంతవరకూ నీకు రుణపడి ఉంటాను.

ఇక నవ్వు ఆపి చదువు. ఆ పళ్ళు నావి కావురా. అమ్మవి.

మా ఇద్దరిదీ ఒకటే కోరపన్ను. అమ్మ నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది కాబట్టి నువ్వు చూసుండవు. నేనొచ్చినప్పుడు పన్ను సలుపుతోందంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. అచ్చు మీ ల్యాబ్‌కే వెళుతుందని తెలిసి, "నా పేరు వద్దే, నీ పేరు రాయించు" అంది. ఎందుకమ్మా అన్నాను. "వాడు నన్ను నవ్వించడానికి అంత కష్టపడుతున్నాడే. ఆ కష్టమంతా దండగని తెలిస్తే ఏమైపోతాడు?" అంది.

నాన్న పోయాక నీ ముందు ఒక్కసారైనా ఏడ్చిందేమో గుర్తు తెచ్చుకో. నేనూ అమ్మని అదే అడిగాను. "ఏడుపు మొహం పెట్టేలోపు వాడు జోకు వేసేస్తాడే, ఇంకెక్కడ ఏడవను?" అందిరా. పగలంతా పంటిబిగువున ఉంటోంది, ఆ బిగువు నిద్రలోనూ వదలడం లేదు.

నిన్ను తిట్టాలని రాయలేదు. ఏం చెయ్యాలో నాకూ తెలియడం లేదు. నీకు తెలిసిపోయిందని మాత్రం అమ్మకి తెలియనివ్వకు.

నీ అక్క


అక్కా,

పక్కగదిలో రాత్రిళ్ళు కిరకిరమంటుంటే ఎలుక అనుకున్నాను. బోను కూడా పెట్టాను. పొద్దున్నే "పడిందిట్రా?" అని అమ్మే అడిగేది.

నువ్వు చెప్పినట్టే ఏమీ తెలియనివాడిలా ఉన్నాను. ముందు జోకులు మానేశాను. "ఒంట్లో బాలేదా? ఉద్యోగం పోయిందా? ఏ పిల్లయినా కాదందా?" అని అడిగి అడిగి, అమ్మ తినడం మానేసింది. సరేనని మళ్ళీ మొదలుపెట్టాను. నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈసారి ఆ చేతి పక్కన చూశాను. చెంప కింద కండ బిగుసుకుని ఉంది. నా ఎదురుగానే, నవ్వుతూనే. నేను పళ్ళికిలించినంత సేపూ అమ్మ పళ్ళు బిగపడుతూనే ఉంది. ఇంత చదువుకుని, నోరు తెరవాలో మూసుకోవాలో తేల్చుకోలేకపోయాను.

తొడుగుని డాక్టర్ ద్వారానే పంపించాను. అది తిరిగొచ్చింది. కుడివైపు ఎత్తుగా తగులుతోందట, సరిచెయ్యాలట. ఆయన చెయ్యాల్సిన పనే, ఓపిక లేక మాకు తోస్తారు. అచ్చు మీద కుదిరేది కాదది. మనిషి ఎదురుగా ఉండాలి. నీలం కాగితం పంటికింద పెట్టి కొరకమంటే, ఎక్కువ తగిలిన చోట మచ్చ పడుతుంది. ఆ మచ్చని ఆకురాయితో గీకి, మళ్ళీ కొరకమనాలి.

నీ మాట తప్పాను. దాన్ని ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను.

అమ్మ దాన్ని చూసింది. నన్ను చూసింది.

"ఎవరిదిరా?"

అక్కడ వెయ్యాల్సిన జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నీదేనమ్మా. కూర్చో. నోరు తెరువు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. తెరిచింది. తొడుగు పెట్టాను, కాగితం పెట్టాను. కొరికింది. మచ్చ గీకాను. "ఇప్పుడెలా ఉంది?" అంటే "ఎత్తుగానే ఉందిరా" అంది. మళ్ళీ తెరిపించాను. అప్పుడు కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. నోరు తెరుచుకుని ఉంటే పళ్ళు బిగపట్టడం ఎవరికీ కుదరదు కదక్కా. నేను తుడవలేదు. ఒక చేతిలో తొడుగు, ఒక చేతిలో ఆకురాయి ఉన్నాయి కాబట్టి ఆ పని చేస్తూ కూర్చున్నాను.

కాసేపటికి మచ్చలన్నీ సమానంగా పడ్డాయి. గీకడానికి ఇంకేం మిగల్లేదు.

"సరిపోయిందామ్మా?"

"లేదురా. ఇంకా ఎత్తుగానే ఉంది. చూడు."

చూశాను. ఏమీ లేదు. ఆకురాయిని ప్లాస్టిక్‌కి తగలకుండా ఊరికే అటూ ఇటూ ఆడించి, తొడుగు మళ్ళీ నోట్లో పెట్టాను.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం."

నీ తమ్ముడు