కొత్తిమీర ఉండలో పత్తి

1985 ఫిబ్రవరి 8, శుక్రవారం

మనవరాలు సుజాత గుంటూరు హాస్టలు నుంచి దిగింది. సంచిలో చీజు డబ్బా. రేపు వియ్యంకుడుగారూ వియ్యపురాలూ వస్తున్నారుగా, పొయ్యి వెలిగించకుండా ఒక పళ్ళెం చేసి పెడుతుందట. కాలేజీలో నేర్పారట.

దాని నాన్న, మావాడు, పేపరు దించకుండానే... “పొయ్యే అక్కర్లేని వంటకి కాలేజీ దేనికే? సరే, వచ్చినవాళ్ళ చేత బాగుందనిపించు. సోమవారం బస్సెక్కిస్తా. లేదంటే మిరప కల్లంలో కాయలేరడానికి మనిషి తక్కువగానే ఉంది.”

చీజు వాసన చూశాను. “దీనికంటే బట్టల సబ్బు నయం” అన్నాను. పిల్ల నవ్వింది. వాడు నవ్వలేదు.

ఫిబ్రవరి 9, శనివారం, పొద్దున

వసారాలో పీట వేసుకుని చేస్తోంది. చీజు తురిమి, వెన్న కలిపి, ఉసిరికాయంత ఉండలు. సన్నగా తరిగిన కొత్తిమీరలో దొర్లించడం. చుట్టూ కీరదోసకాయ చక్రాలు, రేకుల్లా. మధ్యలో టమాటా తొక్కతో గులాబీ. సందుల్లో పుదీనా కొమ్మలు. మా ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని, “ఇది తినడానికా, పేరంటంలో పెట్టడానికా?” అంటుంది.

“తాతయ్యా, ముట్టుకోకు. చేతులు వెనక్కి పెట్టుకో.”

పెట్టుకున్నాను. అది తడిబట్ట కప్పి స్నానానికి వెళ్ళేదాకా.

మా రోజుల్లో పెళ్ళిళ్ళలో బూరెలో పత్తి కుక్కి వియ్యాలవారికి వడ్డించేవాళ్ళం. ఆ మాత్రం సరదా లేకపోతే వియ్యం ఏంటి. కొట్టుగదిలో బోరెం సంచి నుంచి చిటికెడు పత్తి... నలిపి, పైన చీజు పూసి, కొత్తిమీరలో దొర్లించాను. నాకే తేడా తెలియలేదు. వియ్యంకుడుగారు కూర్చునే వైపు పెట్టి, బట్ట కప్పేశాను.

అదే రోజు, సాయంత్రం

పళ్ళెం మావాడు అందుకున్నాడు. “ముందు అత్తయ్యగారు తీసుకోవాలి” అని వియ్యపురాలి ముందు పెట్టాడు. వద్దనబోయాను. ఏమని అంటాను?

ఆవిడ తీసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది... కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే దగ్గు. కళ్ళ వెంట నీళ్ళు. వేలితో లాగితే పచ్చటి పోగు.

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వుదామని నోరు తెరిచాను, రాలేదు.

“తడిబట్ట పోగులు ఊడినట్టున్నాయిలే, చిన్నపిల్ల” అంది ఆవిడే, మంచినీళ్ళు తాగి.

మావాడు సుజాత వైపు చూశాడు. “చూశావా నీ చదువు?” పళ్ళెం అలాగే మిగిలిపోయింది. కాసేపటికి కీరా ముక్కలు వాడాయి. గేదె తొట్లో పోసింది పిల్ల.

నేను వక్క నములుతూ కూర్చున్నాను. అక్కడే.

ఫిబ్రవరి 10, ఆదివారం

సుజాత బావి దగ్గర ఆ బట్ట ఉతుకుతోంది. నీళ్ళు పిండి, వెలుగులోకి పట్టి చూస్తుంది, మళ్ళీ ముంచుతుంది. “గట్టి బట్టే తాతయ్యా. పోగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియట్లేదు. నువ్వేమన్నా చూశావా?”

చూడలేదన్నాను.

అన్నాను.

మధ్యాహ్నం మావాడి దగ్గరికి వెళ్ళాను. “ఒరేయ్, ఆ పత్తి పెట్టింది నేనేరా.”

అన్నం కలుపుకుంటూ తలెత్తాడు. “రేడియో పగిలితే నేనే అన్నావు. సిరా ఒలికితే నేనే అన్నావు. అది ఏం చేసినా నీ నెత్తిన వేసుకోవడమేగా. ఆపు నాన్నా, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, నవ్వు ఆపుకోలేకపోతున్నావు.”

నిజమే. నవ్వుతున్నాను. ఎందుకో.

ఫిబ్రవరి 11, సోమవారం

బస్సు హారన్ వినపడింది. సుజాత కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. తల ఎత్తలేదు. నేను ఎత్తాను.

ఫిబ్రవరి 12, మంగళవారం

గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసి అన్నాను — “ఒరేయ్, పత్తి నేనే పెట్టాను.” నవ్వుతో మూతి ఒకపక్కకి పోయింది. తుడుచుకుని మళ్ళీ అన్నాను. మళ్ళీ పోయింది. డెబ్బై ఏళ్ళ మూతి, నా మాట వినదు.

నాకే నమ్మబుద్ధి కాలేదు.

మావాడు దొడ్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. సగం గడ్డం ఇంకా ఉంది... లోపలికే వస్తున్నాడు, మళ్ళీ చెప్పాలి —