ఐలి చేతి నిమ్మపిందెలు

హాన్‌కాక్,
ఏప్రిల్ 7, 1976

వైనోకు సైమా రాసేది. ఇక్కడ అత్తయ్య, పిల్లలు, నేను బాగానే ఉన్నాం. అలాస్కా చలికి నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి. చిన్నదాని దగ్గు తగ్గింది. నువ్వడిగిన ఉన్ని మేజోళ్లు అల్లి పంపుతున్నాను.

"ఐలి వదిన నిమ్మచెట్టు ఈసారి బాగా పూసిందా?" అని అడిగావు. మన చెట్టు ఊసే లేదు. చదవగానే ఒళ్లు మండింది. అత్తయ్య ఒకే చెట్టు కొమ్మలు తన ఇద్దరు కోడళ్లకూ ఇచ్చింది కదా. పన్నెండేళ్లుగా నవంబరులో అత్తయ్య పేరున్న కైసాలందరి పండగనాడు ఆవిడ కాఫీ బల్ల మీద ఐలి కాయే ఉంటుంది. నా చెట్టు పూస్తుంది, అంతా రాల్చేస్తుంది. "మంచుకాలంలో తేనెటీగలెందుకు, మా పెద్దకోడలి చెయ్యి చాలు" అని అత్తయ్య వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంటే నేను పక్కన రొట్టె కోస్తూ నవ్వాలి.

ఇక దాచలేను. జనవరి చివర ఐలి తన కూతురి కాన్పుకు డులూత్ వెళుతూ తాళంచెవి, చిన్న రంగుల కుంచె నా చేతిలో పెట్టింది.

"రోజూ మధ్యాహ్నం ప్రతి పువ్వులోనూ మెల్లగా తిప్పు సైమా. నువ్వున్నావంటే నాకు దిగుల్లేదు."

రోజూ వెళ్లాను. పువ్వుల్లో కాయగా మారే నడిమి మొగ్గకు తగలకుండా పుప్పొడి మాత్రం కుంచెకు ఎత్తుకొచ్చి మన పూలకు రాశాను. రెండు వారాలు ఇదే పని. ఆవిడ పూలన్నీ రాలిపోతే నేనే ఊడ్చాను. అబద్ధమెందుకు, సంతోషించాను.

ఐలి తిరిగొచ్చి బోసి చెట్టు చూసింది. "నేను వెళ్లానని అలిగింది కాబోలు" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత మన చెట్టు చూస్తానని వచ్చింది. దానికీ ఒక్క పిందె లేదు.

"పొయ్యి పక్కన పెట్టావేంటే పిచ్చిదానా? ఆ వేడికి పువ్వుల్లో నడిమి మొగ్గే రాలేదు. ఇంక కుంచె తిప్పి ఏం లాభం?"

"పన్నెండేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం అక్కా?"

"నీ వంటింట్లోకి నన్నెప్పుడు రానిచ్చావు?"

తనే చెట్టును చల్లగా ఉండే ఉత్తరపు గదిలోకి మోసింది. నెల తిరక్కుండా మళ్లీ పూసింది. రోజూ మంచులో నడిచొచ్చి కుంచె తిప్పింది. "నాది పోతే పోయింది, అత్తయ్య బల్ల మీద ఒక కాయ ఉండాలి కదా" అనేది. నాలుగు పిందెలు నిలిచాయి. వాటిని చూసి ఏడ్చాను. చేసిన తప్పుకు కాదు వైనో. నా చెట్టు కూడా ఆవిడ చేతికే పలికిందని.

మొన్న శనివారం సౌనా ఆవిరి గదిలో ఆవిడకు అంతా చెప్పేశాను. తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయింది. మూడు రోజులు రాలేదు. ఆవిడ చెట్టు మళ్లీ పూస్తోందని అత్తయ్య చెబితే, ఈ మధ్యాహ్నం కుంచె పట్టుకుని నేనే వెళ్లాను. తలుపు తీసి, పక్కకు జరిగింది. ఒక్కో పువ్వుకూ కుంచె తిప్పుతుంటే నా వెనకే నిలబడింది. నా భుజం మీదుగా తొంగి చూసింది.

"అంత గట్టిగా రుద్దకు."

నాకు మళ్లీ మండింది. అయినా మెల్లగా తిప్పాను.

ఇట్లు,
బుద్ధి ఇంకా పూర్తిగా రాని నీ భార్య,
సైమా